పిల్ల ఎవరి దగ్గర ఉండాలి? కస్టడీ గురించి మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పారా లీగల్ వాలంటీర్ని, లాయర్ని కాదు. విజయనగరం కోర్టు వరండాలోనూ, శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెట్టే న్యాయ అవగాహన శిబిరాల్లోనూ నన్ను ఎక్కువమంది అడిగేది పొలం గట్ల గురించి కాదు, పిల్లల గురించి. "మా గుంటని వాళ్లు పంపట్లేదు బావూ, ఏం చెయ్యమంటావు?" అని మొదలవుతుంది. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది చదివి మీ కేసు మీరే తేల్చేసుకోవద్దు, మీ కాగితాలు చూసిన లాయరు చెప్పేదే వినండి. కాకపోతే ఇది చదివి వెళితే ఆ లాయరుకి ఏం చెప్పాలో మీకు తెలుస్తుంది.

కోర్టు దేన్ని బట్టి తేలుస్తుంది? తల్లి హక్కునా, తండ్రి హక్కునా?

రెండిటినీ కాదు, పిల్ల బాగుని బట్టి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో 13వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది, పిల్లల సంక్షేమమే అన్నిటికన్నా ముందు చూడాలని. దానికన్నా పాతది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. అందులో 17వ సెక్షన్ ఏమేం చూడాలో చెబుతుంది: పిల్ల వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, మతం, పెంచుతానంటున్న మనిషి నడవడిక, పెంచగలిగే శక్తి, చుట్టరికం ఎంత దగ్గరిది, ఇంతకుముందు ఆ పిల్లతో ఎలా మసలుకున్నారు, చనిపోయిన తల్లిగానీ తండ్రిగానీ ఏం కోరుకున్నారు, ఊహ తెలిసిన పిల్లైతే తన ఇష్టం ఏంటి. 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది, పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదు, ఆటబొమ్మలూ కాదు అని.

ఇవన్నీ సెక్షన్ల మాటలు. నా దగ్గరికి వచ్చినవాళ్లకి మాత్రం నేను చెప్పేది ఒక్కటే, పిల్లకి ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. పొద్దున్న ఎవరు లేపుతారు, జడ ఎవరు వేస్తారు, బడికి ఎవరు దింపుతారు, మధ్యాహ్నం బడిలో అన్నం తింటుందా లేక క్యారేజీ కావాలంటుందా, జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఏ మందు పడదు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటే నిద్రపడుతుంది. జడ్జిగారు తెలుసుకోవాలనుకునేది చాలావరకు ఇదే. మొగుడూ పెళ్లాల గొడవలో తప్పెవరిదన్నది వేరే సంగతి, అది వేరే కేసులో తేలుతుంది.

చీపురుపల్లి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పాసు పుస్తకం, బ్యాంకు కాగితాలు, కొత్త ఇంటి ఫొటోలు అన్నీ ఫైల్లో పెట్టుకొచ్చి చూపించాడు. పాప ఏ తరగతి చదువుతోందని అడిగితే కాసేపు ఆగి, "రెండో మూడో" అన్నాడు. చెడ్డవాడేం కాదు, పాపంటే ప్రాణమే, కానీ పాప రోజులో ఆయన లేడు. ముందు వెళ్లి టీచరుని కలవండి, టీకాల కార్డు ఒకసారి చూడండి, వారానికి ఒకసారైనా పాపతో కూర్చోండి, ఆ తర్వాత పిటిషన్ సంగతి చూద్దాం అన్నాను. ఆరు నెలల తర్వాత మళ్లీ కనిపించి కస్టడీ మాటే ఎత్తలేదు, శని ఆదివారాలు పాపని తన దగ్గరికి పంపేలా ఇద్దరూ మాట్లాడుకున్నామని చెప్పాడు.

చట్టప్రకారం తండ్రే గార్డియన్ కదా, ఇంక నేను కోర్టుకెళ్లి ఏం లాభం?

తల్లులు ఈ మాట విని ఇంట్లోనే ఏడుస్తూ కూర్చుంటున్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. 1956 చట్టంలో "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని రాసి ఉన్నమాట నిజమే. కానీ 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అనే అర్థం చెప్పుకోనక్కర్లేదని తేల్చింది. తండ్రి పిల్లని పట్టించుకోకుండా ఉన్నా, దూరంగా ఉండిపోయినా, బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు అవుతుంది. పైగా గార్డియన్ ఎవరన్నది ఒక ప్రశ్న, పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు చెప్పేది పిల్ల బాగే.

ఐదేళ్లు నిండగానే పిల్లాడిని తండ్రికి ఇచ్చెయ్యాలా?

లేదు. ఐదేళ్లు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని అదే చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అంతేగానీ ఐదో పుట్టినరోజు మర్నాడు మూట కట్టి పంపెయ్యమని ఎక్కడా లేదు. ఐదు దాటితే ఇద్దరినీ సమానంగా చూస్తారు, అప్పటిదాకా పిల్లాడు బాగా ఉన్న చోటు నుంచి కదపడానికి గట్టి కారణం ఉందా అని చూస్తారు. "మామూలుగా" అనే మాటనీ మర్చిపోవద్దు. తల్లి దగ్గర పిల్లకి ప్రమాదం ఉందని తేలితే ఐదేళ్ల లోపు పిల్లనైనా వేరేవారికి అప్పగించవచ్చు.

నాకు ఉద్యోగం లేదు, కన్నోరింట్లో ఉంటున్నాను. ఆయనకి విశాఖలో మంచి జీతం. ఓడిపోతానా?

డబ్బు ఒక్కటే చూసి పిల్లని ఇచ్చెయ్యరు. పిల్ల ఖర్చు తండ్రి భరించాలి, పిల్ల మీ దగ్గర ఉన్నా సరే. దానికోసమే భరణం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 144వ సెక్షన్.

చూసేది ఏమిటంటే, కన్నోరింట్లో పిల్లకి చోటుందా, మీ అమ్మానాన్నలు పిల్లని ఆదరిస్తున్నారా, బడి దగ్గరుందా, మీరు కుట్టుపనికో షాపుకో వెళితే ఆ కాసేపు ఎవరు చూసుకుంటారు. రెండు గదుల పెంకుటిల్లయినా అమ్మమ్మ ఇంట్లోనే ఉంటే ఆ మాట గట్టిగా చెప్పండి. అది తక్కువ విషయం కాదు. మన వైపు పిల్లలు సగం అమ్మమ్మల చేతుల్లోనే పెరుగుతారు, జడ్జిలకీ అది తెలుసు.

నేను వలస కూలీని. వెరావల్ వెళ్లి నెలల తరబడి పడవల మీద ఉంటాను. నాకు పిల్లాడిని ఇస్తారా?

కష్టమే, కానీ వలస వెళ్లడం నేరం కాదు, కోర్టు దాన్ని నేరంగా చూడదు కూడా. అడిగేది ఒక్కటే, మీరు గుజరాత్‌లో ఉన్న ఆ నెలల్లో పిల్లాడు ఎవరితో ఉంటాడు? "మా అమ్మ చూసుకుంటుంది" అంటే, పిల్లాడు తల్లి దగ్గర కాకుండా నానమ్మ దగ్గర ఉండటం వల్ల వాడికి ఏం మేలు అని తప్పకుండా అడుగుతారు. దానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి. తల్లికి ఒంట్లో బాగోలేదు, లేదా పిల్లాడు పుట్టినప్పటి నుంచీ నానమ్మ దగ్గరే పెరిగాడు, ఇలాంటివి నిజమైతే చెప్పండి. లేకపోతే కస్టడీ కోసం కొట్లాడటం కన్నా, మీరు ఊళ్లో ఉండే నెలల్లో పిల్లాడు మీ దగ్గర ఎక్కువ రోజులు ఉండేలా, సముద్రం మీద లేనప్పుడు ఫోన్లో మాట్లాడేలా ఆర్డరు అడగండి. హైదరాబాద్, చెన్నైలలో భవనాల పనికి వెళ్లే తల్లిదండ్రులకీ ఇదే వర్తిస్తుంది. తల్లి వలస వెళ్లినా ఇదే లెక్క.

పిల్లని "ఎవరి దగ్గర ఉంటావు" అని కోర్టులో అందరి ముందూ అడుగుతారా?

చాలామంది తల్లిదండ్రులకి దీని గురించే ఎక్కువ టెన్షన్. చాలాసార్లు జడ్జిగారు పిల్లని తన గదిలోకి పిలిచి, అమ్మానాన్నలూ లాయర్లూ లేకుండా మాట్లాడతారు. బడి గురించి, స్నేహితుల గురించి, ఇంట్లో ఏం తింటావు, ఎవరితో ఆడుకుంటావు అని అడుగుతారు. నేరుగా "అమ్మా, నాన్నా?" అని అడగకుండానే చాలా విషయాలు తెలుస్తాయి. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984 ప్రకారం కౌన్సెలర్ల సాయం, వైద్య నిపుణుల సాయం కూడా తీసుకోవచ్చు.

ఇన్నేళ్లకి పిల్ల మాట వినాలి అని చట్టంలో వయసేమీ రాయలేదు. బుద్ధిగా ఆలోచించి ఇష్టం చెప్పగలిగే వయసుంటే వినవచ్చు అంటుంది అంతే. పదో పదకొండో ఏళ్ల పిల్ల చెప్పిన కారణాలకి ఆరేళ్ల పిల్ల చెప్పినదాని కన్నా ఎక్కువ బరువుంటుంది. ఏ వయసులోనైనా పిల్ల ఇష్టం ఒక అంశమే, అదే తీర్పు కాదు. "నాన్న సెల్‌ఫోన్ ఇస్తాడు, అమ్మ ఇవ్వదు" అని చెప్పే పిల్లాడి ఇష్టాన్ని అలాగే తీసుకుంటారు కానీ, దాని వెనక ఏముందో కూడా చూస్తారు.

ఇక్కడ మీ కాళ్లు పట్టుకుని అడగాల్సిన మాట ఒకటుంది. పిల్లకి నూరిపోసి పంపకండి. వాయిదాకి వచ్చిన ఒక తొమ్మిదేళ్ల పిల్లని చూశాను, వరండాలో బెంచీ మీద కూర్చుని పాఠం అప్పజెప్పుకుంటున్నట్టు పెదాలు కదుపుతోంది. ఏం చదువుతున్నావమ్మా అంటే, "నాన్న కొడతాడు, నేను వెళ్లను అని చెప్పాలి" అంది. కొట్టాడా అంటే తల అడ్డంగా ఊపింది. తర్వాత బాత్రూమ్ దగ్గర వాంతి చేసుకుంది. అబద్ధం దొరికిపోతుందన్నది అటుంచండి, నిజంగానే దొరికిపోతుంది, మీ లాయరు కూడా ఏం చెయ్యలేడు. అంతకన్నా, ఆ పిల్ల నాన్నని పోగొట్టుకుంటాననే భయాన్నీ అమ్మకి కోపం వస్తుందనే భయాన్నీ ఒకేసారి మోస్తోంది. పిల్ల మనసు విరవడానికి ఒక వైపు వాళ్లు చేసే ఈ పనిని సుప్రీంకోర్టు కూడా గుర్తించి మాట్లాడింది. నిజంగా కొడుతున్నారంటే మాత్రం దాచొద్దు, దాని గురించి కింద రాశాను.

ఊళ్లో తగువు పెట్టి, పెద్దమనుషులు కాగితం రాయించారు. అది చెల్లుతుందా?

పెద్దమనుషులు మంచి మనసుతో కూర్చోబెట్టి మాట్లాడితే నేను కాదనను, చాలా ఇళ్లు అలా నిలబడ్డాయి. కానీ ఆ కాగితం కోర్టుని కట్టిపడెయ్యదు. "పిల్లని నేను ఇక అడగను" అని మీరు సంతకం పెట్టినా, పిల్ల బాగుకి అది విరుద్ధమైతే కోర్టు పక్కన పెడుతుంది, ఎందుకంటే పిల్ల తరఫున హక్కు వదులుకునే అధికారం మీకు లేదు. ముఖ్యంగా "ఆడపిల్ల తల్లికి, మగపిల్లాడు తండ్రికి" అని పంచే తగువులు చూస్తే నాకు బాధేస్తుంది. అన్నాచెల్లెళ్లని విడదీయడం పిల్లలకి మంచిది కాదని కోర్టులు సాధారణంగా భావిస్తాయి. కోర్టుకి వెళ్లకుండా తేల్చుకోవాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికో లోక్ అదాలత్‌కో వెళ్లండి, అక్కడ రాజీ కుదిరితే దానికి విలువుంటుంది.

చెప్పకుండా పిల్లని తీసుకెళ్లిపోయారు. ఇప్పుడేం చెయ్యాలి?

మొదట, మనుషుల్ని వేసుకుని వెళ్లి లాక్కురావద్దు. రెండు వైపులా చుట్టాలు వీధిలో పిల్ల చెయ్యి చెరోవైపూ పట్టుకుని లాగిన రోజు ఆ పిల్ల జన్మలో మర్చిపోదు, కోర్టులో కూడా అది మీకే ఎదురు తిరుగుతుంది.

స్టేషన్‌కి వెళితే, తల్లిదండ్రుల మధ్య పిల్ల గొడవ కాబట్టి కోర్టుకి వెళ్లమని చెప్పడమే ఎక్కువ. పిల్లకి ప్రాణభయం ఉంటే సంగతి వేరు, పోలీసులకి 112కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ వెంటనే ఫోన్ చెయ్యండి. లేకపోతే రోజులు పోనివ్వకుండా కస్టడీ పిటిషన్‌తో పాటు మధ్యంతర ఆర్డరు, అంటే తుది తీర్పు వచ్చేలోపు ఇచ్చేది, అడగండి, 1890 చట్టం 12వ సెక్షన్ అందుకే ఉంది. కొన్ని పరిస్థితుల్లో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పిల్లని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్, కూడా వెయ్యవచ్చు, కానీ అది ప్రతి కేసుకీ సరిపోయే దారి కాదు. ఆలస్యం చేస్తే పిల్ల అక్కడ బడిలో చేరుతుంది, అలవాటు పడుతుంది, "ఇప్పుడు కదపడం ఎందుకు" అనే మాట వస్తుంది.

ఏ కోర్టుకి వెళ్లాలి? పెళ్లి శ్రీకాకుళంలో అయింది, ఆయన హైదరాబాద్‌లో, నేనూ పాపా బొబ్బిలిలో.

గార్డియన్స్ చట్టం కింద పాప మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ప్రాంతపు కోర్టు. పాప రెండేళ్లుగా బొబ్బిలిలో ఉండి అక్కడే చదువుతుంటే విజయనగరం జిల్లాలోనే వెయ్యాలి, పెళ్లి ఎక్కడైందన్నది లెక్కలోకి రాదు. ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి రాజాం, పాలకొండ వైపు వాళ్లు ఏ కోర్టు పరిధిలోకి వస్తారో ముందుగా అడిగి కనుక్కోండి, ఒక వాయిదా వృథా పోకుండా ఉంటుంది. విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అదే కోర్టులో పిల్ల గురించి అడగవచ్చు.

ఆయన తాగొచ్చి కొడతాడు. పిల్లని తీసుకుని బయటికి వచ్చేస్తే నా మీద కేసవుతుందా?

భయపడకుండా ముందు మీరూ పిల్లా క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. తర్వాత వెంటనే చెప్పాల్సిన చోట చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికి జిల్లాలో వెళ్లండి. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు పిల్ల తాత్కాలిక కస్టడీ మీకు ఇవ్వవచ్చు, తండ్రి కలవడం వల్ల పిల్లకి హాని అనిపిస్తే కలవడాన్నే ఆపవచ్చు. దెబ్బలకి ఆసుపత్రి చీటీ, ఆ రాత్రి మీకు తలుపు తీసిన పక్కింటావిడ, పిల్ల భయపడుతోందని గమనించిన టీచరు, ఇవన్నీ సాక్ష్యాలే. పిల్ల మీద లైంగిక వేధింపు అని అనుమానం వస్తే అది కస్టడీ గొడవ కాదు, పోక్సో చట్టం కింద పోలీసులకి చెప్పి తీరాలి, ఇంటి పరువు గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించవద్దు.

తల్లి చనిపోయింది. అమ్మమ్మ, తాతలు పిల్లని అడగవచ్చా?

అడగవచ్చు. తండ్రి బతికుంటే ఆయనకే సాధారణంగా మొగ్గు ఉంటుంది, కానీ గుడ్డిగా కాదు. భార్య చావుకి సంబంధించి తండ్రి మీద కేసు నడుస్తున్న ఒక వ్యవహారంలో 2008లో సుప్రీంకోర్టు పిల్లాడిని అమ్మమ్మ తాతల దగ్గరే ఉంచింది, పిల్లాడి ఇష్టం కూడా చూసింది. 2022లో ఇంకొకటి, కోవిడ్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లాడిని పిన్నికి కాకుండా నానమ్మ తాతలకి అప్పగించింది, వాళ్ల వయసు ఎక్కువ, ఆదాయం తక్కువ అన్నవి మాత్రమే చూసి కాదనకూడదని చెప్పింది. ఇలాంటి ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ముసలితనం గురించి అడిగితే దాచకుండా, మీ తర్వాత పిల్లకి ఎవరున్నారో చెప్పండి.

రెండో పెళ్లి చేసుకుంటే పిల్లని తీసేసుకుంటారా?

పెళ్లి చేసుకున్నందుకే తీసెయ్యరు, తల్లినైనా తండ్రినైనా. కొత్త ఇంట్లో పిల్లని ఎలా చూస్తున్నారన్నదే ప్రశ్న.

పిల్ల నా దగ్గర లేదు. చూడటానికి ఏమేం అడగవచ్చు?

చాలామంది "నెలకి రెండు ఆదివారాలు" దగ్గరే ఆగిపోతారు. అంతకన్నా వివరంగా అడగండి. సంక్రాంతి సెలవుల్లో ఎన్ని రోజులు, వేసవిలో ఎన్ని వారాలు, సిరిమాను ఉత్సవం నాడు పాపని పైడితల్లి అమ్మవారి దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు, పుట్టినరోజు ఎవరి దగ్గర, పిల్లని ఎక్కడ అప్పగించి ఎక్కడ తీసుకోవాలి. రాసి ఉంటే గొడవలు తగ్గుతాయి. పిల్లని చూడటానికి కోర్టు ఆవరణ కన్నా తెలిసిన చుట్టాల ఇల్లో పార్కో నయం, పిల్ల స్వేచ్ఛగా ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్లు వీడియో కాల్ అడగండి. 2020లో సుప్రీంకోర్టు, పిల్లకి దూరంగా ఉన్న తల్లిగానీ తండ్రిగానీ రోజూ ఐదు పది నిమిషాలైనా మాట్లాడే వీలుండాలని చెప్పింది.

భరణం ఇవ్వట్లేదు కాబట్టి పిల్లని చూపించను, సరేనా?

సరి కాదు. పిల్లని చూపించట్లేదు కాబట్టి డబ్బు ఆపేస్తాననడమూ సరి కాదు. రెండూ పిల్లకి రావాల్సినవే, ఒకటి అన్నం, ఇంకొకటి మనిషి. బాకీ కోసం వేరే పిటిషన్ వెయ్యండి.

మేము ముస్లింలం, క్రైస్తవులం. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

1890 చట్టం అందరికీ వర్తిస్తుంది. హనఫీ ముస్లింలలో (సున్నీల్లో ఒక శాఖ) కొడుకు ఏడేళ్ల దాకా, కూతురు వయసుకొచ్చే దాకా తల్లి దగ్గర ఉండాలని పద్ధతి ఉంది, క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టంలో కస్టడీ గురించి ఉంది. ఏ మతమైనా చివరికి పిల్ల బాగు చూడకుండా తేల్చరు.

ఒకసారి తీర్పు వచ్చాక ఇంక మార్చలేమా?

మార్చవచ్చు. పిల్ల పెరుగుతుంది, ఊరు మారుతుంది, ఒకరికి జబ్బు చేస్తుంది. పరిస్థితి మారిందని చూపిస్తే కోర్టు మళ్లీ చూస్తుంది. తీర్పే తప్పనుకుంటే ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద 30 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు వెయ్యాలి, తేదీ మర్చిపోకండి.

లాయరు ఫీజు పెట్టుకోలేను.

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మొదటిసారి వస్తున్నాను. ఏం తెచ్చుకోవాలి?

పిల్ల జనన ధ్రువపత్రం, ఆధార్, మీ పెళ్లికి సంబంధించినదేదైనా. తర్వాత పిల్ల రోజుని చూపించేవి: అంగన్‌వాడీలో ఇచ్చిన టీకాల కార్డు, బడి ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరిదుందో ఆ కాగితం, డాక్టరు చీటీలు. అవతలివాళ్లని తిట్టిన ఆడియోలు ముప్పై తెచ్చేవాళ్లున్నారు. అందులో పిల్లకి సంబంధించింది ఏదైనా ఉంటే ఒకటో రెండో చాలు.

పిల్లని మాత్రం ఆ రోజు తీసుకురావద్దు. బడికి పంపండి. సాయంత్రం ఇంటికి వెళ్లాక "ఎక్కడికెళ్లావు" అని అడిగితే, నువ్వు ఎక్కడ ఉంటే బాగుంటుందో పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం, అమ్మా నాన్నా ఇద్దరూ నీ వాళ్లే అని చెప్పి, అన్నం పెట్టండి.